శతాబ్దానికో పుస్తకం చదివిన రోజులు

క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం దగ్గర మొదలుపెట్టి, వరస తప్పకుండా శతాబ్దానికొక పుస్తకం చదువుకుంటూ ఇప్పటి కాలానికి చేరుకోవడం. రీడింగ్ ఛాలెంజ్ అంటే ఇంతే. క్రీస్తుకు ముందు 8 శతాబ్దాలు, తర్వాత 21, కలిపితే 29 గడులు. ఏడాదిలో ముగించాలనుకుంటే ఒక్కో పుస్తకానికి పన్నెండు పదమూడు రోజులు దక్కుతాయి. ఆ దారిన నడిచినవాళ్లం ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఏ పుస్తకం పక్కన ఏది తగిలిందన్న సంగతే. పారశీక కవి సాదీ, మన తిక్కన ఒకే శతాబ్దంవాళ్లని వరసలో చదివినప్పుడే కళ్లకు కట్టింది. ఆ సంగతి అంతకుముందు ఏ చరిత్ర పుస్తకంలోనో ఉండే ఉంటుంది, కానీ పట్టిక గీసుకుని, ఒకటి మూసి ఇంకొకటి తెరిస్తే తప్ప అది మనది కాలేదు.

పట్టిక కోసం పొడుగాటి నోటుపుస్తకం ఒకటి చాలు. గడికి ఒక పేజీ. పైన శతాబ్దం, కింద పుస్తకం పేరు, రాసిన భాష, అనువాదకుల పేరు, అనువాదం వచ్చిన ఏడాది. మధ్యలో నచ్చిన భాగం ఒకటి, చేత్తో ఎత్తి రాసుకున్నది. అట్టడుగున ఒక వరస మాత్రం ఖాళీగా వదలాలి: ఆ రచయిత బతికున్న రోజుల్లో ప్రపంచంలో ఇంకెవరెవరు రాస్తున్నారో చదువుతూ పోయేకొద్దీ అందులో చేరుస్తాం. ఈ అడుగు వరస లేని పట్టికలు మూడో నెలకే మూలపడ్డాయి. ఇది ఉన్నవి మాత్రం చివరిదాకా సాగాయి. చదివిన పేజీల లెక్క ఉత్సాహాన్ని కొద్దికాలమే నిలుపుతుంది, పేర్లు పక్కపక్కకు చేరడం చివరిదాకా నిలుపుతుంది.

అసలు గడులకు ముందు సున్నా గడి ఒకటి ఉండేది, గిల్గమేష్ కోసం. 12 మట్టిపలకల పాత మెసొపొటేమియా కావ్యం, అక్కడక్కడా పలక పగిలిపోయిన చోట అచ్చులో చుక్కలే మిగిలాయి. నినెవె నగరంలోని అషుర్బనిపాల్ గ్రంథాలయం శిథిలాల్లోంచి వచ్చిన పలకల్లో ప్రళయ కథను జార్జ్ స్మిత్ గుర్తించి 1872లో లండన్‌లో ప్రకటించాడు. అది 11వ పలక. కొత్తగా చదివేవారు చుక్కలున్న చోట ఆగిపోయి, అర్థం కాలేదని వదిలేస్తారు. ఖాళీలను ఖాళీలుగానే చదవాలి, ఆ పూట సాగదు అనుకుంటే తర్వాతి పలకకు వెళ్లిపోవాలి. 12వ పలక కథకు అనుబంధం లాంటిది, 11తో ముగించినా లోటేమీ లేదు. ఎంకిడు చనిపోయాక మిత్రుడి పక్కన కూర్చుని గిల్గమేష్ ఏడ్చే ఘట్టం మాత్రం నెమ్మదిగా చదవవలసింది. అంత పాత దుఃఖం అంత దగ్గరగా వినిపించడం మరిచిపోలేనిది.

తర్వాత గ్రీకు కవి హోమర్. ఇలియడ్ 24 సర్గలు, 15 వేలకు పైగా పంక్తులు. రోజుకొక సర్గ అనుకుంటే 24 రోజులు, అంటే రెండు గడుల కాలం అదే తినేస్తుంది. పైగా రెండో సర్గలో ఓడల జాబితా ఒకటుంది, 260కి పైగా పంక్తులు, అన్నీ ఊళ్ల పేర్లూ నాయకుల పేర్లూ. ఎక్కువమంది ఛాలెంజ్ వదిలేసేది సరిగ్గా అక్కడే. గ్రీకు శ్రోతలకు ఆ జాబితాలో తమ ఊరు, తమ పూర్వీకుడు వినిపించేవారు, మనకు ఆ ఆసరా లేదు. అందుకని మొదటిసారికి 1, 6, 9, 16, 18, 22, 24 సర్గలు చాలు. 6లో ట్రాయ్ వీరుడు హెక్టర్ భార్యాబిడ్డల దగ్గర సెలవు తీసుకుంటాడు, 24లో అతని తండ్రి, వృద్ధుడైన ప్రియామ్ తన కొడుకును చంపినవాడి చేతులు ముద్దుపెట్టుకుంటాడు. ఈ రెండూ గుండెకు పట్టాక మిగతా సర్గలకు మనిషి తనంతట తనే తిరిగివస్తాడు. ఒడిస్సీని మాత్రం ఇలియడ్ వెనకాలే చదవకూడదు. పెద్ద కావ్యాలు రెండు వెంటవెంటనే చదివితే రెండోది మొదటిదాని నీడలా తోస్తుంది. మధ్యలో గ్రీకు కవయిత్రి సాఫో లాంటి చిన్న గొంతు ఒకటి ఉండాలి. ఆమె కవితల్లో పూర్తిగా మిగిలినది ఒకటే, తక్కినవన్నీ తునకలు. ఒక సాయంత్రంలో అయిపోతాయి, కానీ వారమంతా నోట్లో ఆడుతూ ఉంటాయి.

క్రీ.పూ. 5వ శతాబ్దం కలిసివచ్చే గడి. గ్రీకు విషాద నాటకాలు పొట్టివి, ఒక్కొక్కటి రెండు గంటల పని. ఈస్కిలస్ ఒరెస్టియా క్రీ.పూ. 458 నాటిది. మూడు నాటకాల వరస చెక్కుచెదరకుండా మనకు దక్కినది అదొక్కటే, కాబట్టి మూడూ కలిపే చదవాలి. నాటకాన్ని పైకి చదవడం ఈ ఛాలెంజ్‌లో నేర్చుకున్న మంచి అలవాటు. కళ్లతో చదివితే బృందగీతాలు అడ్డం వస్తాయి, గొంతుతో చదివితే అవే నడిపిస్తాయి.

అసలు కష్టం క్రీస్తు శకంలో మొదలవుతుంది. 2వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా చాలామంది పట్టికల్లో ఖాళీలే ఉంటాయి. ఏముంది చదవడానికి అనిపిస్తుంది, తీరా వెతికితే ఆ శతాబ్దాలే నిండుగా కనిపిస్తాయి. 2లో అపులెయస్ రాసిన బంగారు గాడిద, లాటిన్లో 11 భాగాల కథ. మనిషి గాడిదగా మారి లోకాన్ని కిందినుంచి చూస్తాడు, మధ్యలో క్యూపిడ్, సైకీల కథ వస్తుంది. 4, 5 శతాబ్దాల మలుపులో అగస్టీన్ ఆత్మకథ, 13 భాగాలు. తొమ్మిదో భాగంతో జీవితకథ అయిపోయి ఆ తర్వాత జ్ఞాపకం మీద, కాలం మీద, సృష్టి మీద చింతన మొదలవుతుందని ముందే తెలిస్తే నిరాశ ఉండదు. 5లో కాళిదాసును పెట్టుకోవచ్చు. శాకుంతలం 7 అంకాలు. అతని కాలం గురించి పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు, 4 అన్నా 5 అన్నా గడిలో పట్టేస్తుంది. 6లో రోమన్ తాత్వికుడు బోయెథియస్ జైల్లో రాసిన చిన్న పుస్తకం, గద్యం కాసేపు, పద్యం కాసేపు. 7లో బాణుడు. కాదంబరి వాక్యం ఒక్కోసారి పేజీలు దాటుతుంది, ఊపిరి చాలదనిపిస్తే దండి దశకుమారచరితం తీసుకోవచ్చు. దాన్నే 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. ఇలాంటి దారాలు దొరికినప్పుడల్లా పట్టిక అడుగు వరసలోంచి ఒక బాణపు గుర్తు ఆరు పేజీల ముందుకు వెళ్లేది. ఆ బాణపు గుర్తుల నోటుపుస్తకం ఇప్పుడు తెరిచినా పటం చూసినట్టు ఉంటుంది.

8వ శతాబ్దానికి చైనా కవులు లి బై, దు ఫు. కవితలను నవలలా చదివితే మూడో రోజుకు అన్నీ ఒకేలా అనిపించి కలగాపులగమవుతాయి. రోజుకు ఐదారు, అంతకు మించి వద్దు. ఒక కవితకు ఇద్దరి అనువాదాలు పక్కపక్కన పెట్టుకుంటే ఇంకా మేలు. దు ఫును 755కు ముందువి, తర్వాతివి అని విడదీసి చదవాలి. ఆ ఏడాది ఆన్ లుషాన్ తిరుగుబాటు లేచింది, ఆ యుద్ధం తర్వాత అతని కవితల్లో ఆకలి, వలస, విడిపోయిన కుటుంబం వచ్చి చేరాయి. సంవత్సరం తెలియకుండా చదివితే ఒకే కవి ఇన్ని గొంతులతో ఎందుకు మాట్లాడుతున్నాడో అంతుపట్టదు. జపాన్‌లో మన్యోషు సంకలనంలో తేదీ ఉన్న చివరి కవిత 759 నాటిది. సముద్రానికి అటూ ఇటూ ఒకే దశాబ్దం.

10, 11 శతాబ్దాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 941లో కన్నడంలో పంపడు విక్రమార్జున విజయం ముగించాడు. 1010లో పారశీకంలో ఫిర్దౌసి షానామా పూర్తిచేశాడు, సుమారు 50 వేల ద్విపదలు. ఆ పక్కనే జపాన్ అంతఃపురంలో మురాసకి షికిబు గెంజి కథ రాస్తోంది, ఆమె దినచర్యలో 1008లో ఆ ప్రస్తావన ఉంది. ఇంకొన్ని దశాబ్దాలకు రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. అయినా సొంత భాషలో పెద్ద కథ ఒకటి నిలబెట్టాలన్న పట్టుదల అన్నిచోట్లా ఆ నూరూ నూటయాభై ఏళ్లలోనే కనిపిస్తుంది.

గెంజి దగ్గర జాగ్రత్త పడాలి. 54 అధ్యాయాలు, వందల పాత్రలు. అందులో మనుషులను సొంత పేరుతో పిలవరు, పదవితోనో నివాసంతోనో పిలుస్తారు. పదవి పెరిగితే పేరూ మారిపోతుంది. ఐదో అధ్యాయం దాటేసరికి ఎవరు ఎవరో తెలియక పుస్తకం మూసేస్తారు. విడి కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసుకోవాలి: అనువాదకులు వాడిన పేరు, ఇప్పటి పదవి, గెంజికి ఏమవుతారు. కొత్త అధ్యాయం మొదట్లో రెండు నిమిషాలు ఆ కాగితం సరిచూసుకుంటే చాలు. గడిలో పట్టించాలంటే 13వ అధ్యాయం దాకా, అంటే సుమ, అకాషి ప్రవాసం దాకా చదివి ఆపొచ్చు. 41, 42 అధ్యాయాల మధ్య నాయకుడు చనిపోతాడు, ఆ మరణాన్ని రచయిత్రి వర్ణించనే లేదు. అక్కడి మౌనం కోసం పూర్తి పుస్తకానికి మళ్లీ రావాలి. ఇంగ్లీషులో ఆర్థర్ వేలీ అనువాదం 1925 నుంచి 1933 వరకు ఆరు భాగాలుగా వచ్చింది, అందంగా సాగుతుంది కానీ ఒక అధ్యాయం వదిలేసింది. సైడెన్‌స్టికర్ (1976) సులువుగా ఉంటుంది, టైలర్ (2001) పిలుపుల పద్ధతిని మూలానికి దగ్గరగా ఉంచాడు. మొదటిసారికి మా ఓటు సైడెన్‌స్టికర్‌కే.

అనువాదం ఎంచుకునే పద్ధతి ఒకటి అప్పుడే కుదిరింది. మొదటి పేజీతో తేల్చుకోకూడదు, ఏ అనువాదకుడైనా దానిమీద ఎక్కువ శ్రమ పెడతాడు. మధ్యలోంచి సంభాషణ ఉన్న ఒక పేజీ, వర్ణన ఉన్న ఒక పేజీ తీసుకుని రెండు అనువాదాల్లోనూ పైకి చదవాలి. సంభాషణలో మనుషులు మనుషుల్లా మాట్లాడేదే తీసుకోవాలి. ఉచితంగా దొరికే పాత అనువాదాలతో ఇబ్బంది ఇదే. కాపీహక్కు కాలం తీరినవి కాబట్టి చాలావరకు నూరేళ్ల కిందటి ఇంగ్లీషులో ఉంటాయి, కొన్నింట్లో శృంగార భాగాలు చెప్పకుండా తీసేశారు. అట్టమీద సంక్షిప్తమని లేకపోయినా అధ్యాయాల సంఖ్య లెక్క చూసుకోవాలి. బొకాచ్చియో డెకామెరాన్ అయితే 100 కథలుండాలి, ఇటలీ కవి డాంటే డివైన్ కామెడీ అయితే 34, 33, 33 కలిపి 100 సర్గలుండాలి. తక్కువ తేలితే ఏదో పోయినట్టే.

భారతం సంగతి వేరే చెప్పాలి. కాలక్రమంలో చదివేవాళ్లకు తెలుగు భారతం ఇచ్చే అనుభవం ఇంకే గ్రంథమూ ఇవ్వదు. 11వ గడిలో నన్నయ ఆది, సభా పర్వాలు దాటి అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల పద్యం దగ్గర ఆగిపోతాడు. పుస్తకం అక్కడ మూసి 12వ శతాబ్దానికి వెళ్లిపోవాలి. 13లో తిక్కన వస్తాడు, కానీ ఆగిన చోటునుంచి కాదు, విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు చెబుతాడు. మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వం ఎర్రన చేతుల్లో పూడేది 14వ గడిలో. అచ్చుపుస్తకంలో వరసగా చదివితే ఆ అతుకులు కనబడవు. శతాబ్దాల వరసలో చదివితే ఒక భాష తన కావ్యం కోసం రెండు వందల ఏళ్లకు పైగా ఎదురుచూడటం మనకే జరిగినట్టుంటుంది. మొత్తం చదవడం గడిలో కుదిరే పని కాదు. నన్నయ నుంచి శకుంతలోపాఖ్యానం, తిక్కన నుంచి విరాటపర్వం, ఎర్రన నుంచి అరణ్యపర్వ శేషంలో మొదటి ఆశ్వాసం తీసుకుంటే ముగ్గురి నడకా తెలుస్తుంది. నన్నయకు ప్రతిపదార్థం ఉన్న ప్రతి తప్పనిసరి.

అదే 13వ శతాబ్దంలో 1258 అన్న అంకె రెండుసార్లు ఎదురవుతుంది. ఆ ఏడాది మంగోలులు బాగ్దాద్‌ను నేలమట్టం చేశారు, ఆ ఏడాదే సాదీ గులిస్తాన్ ముగించాడు. 8 అధ్యాయాల చిన్న కథల తోట అది. ఒకదాని పక్కన ఒకటి రాసుకుని చాలాసేపు ఆ పేజీనే చూస్తూ ఉండిపోయినవాళ్లున్నారు.

14లో డాంటే. రోజుకు మూడు సర్గలు చొప్పున ఆ కావ్యంలో మొదటి భాగమైన నరకం 34 సర్గలూ పన్నెండు రోజుల్లో సరిగ్గా అవుతాయి. ఫుట్‌నోట్లు పేజీ అడుగునే ఉన్న ప్రతి కావాలి. పుస్తకం చివర ఉంటే ఫ్లారెన్స్ రాజకీయాల పేర్ల కోసం వెనక్కీ ముందుకీ తిరిగి పద్యం తెగిపోతుంది. ముందు సర్గ మొత్తం ఆగకుండా, తర్వాత నోట్లు, ఆ తర్వాత మళ్లీ సర్గ. ఒక్కోదానికి నలభై నిమిషాలు. బొకాచ్చియో తీసుకునేవారు 1348 నాటి ప్లేగు వర్ణన ఉన్న మొదటి భాగం దాటవేయకూడదు. ఏడుగురు స్త్రీలు, ముగ్గురు మగవాళ్లు నవ్వుకోవడానికి కథలు చెప్పుకుంటున్నారంటే వాళ్ల వెనక ఏముందో తెలియాలి.

15, 16 శతాబ్దాల్లో ఎంపికే కష్టం. 1405లో క్రిస్టీన్ ద పిజాన్ స్త్రీల నగరం గురించి రాసింది. 16లో మొల్ల రామాయణం పన్నెండు రోజుల్లో హాయిగా సాగుతుంది. పడమటి యాత్ర అనే చైనా నవల 1592 ప్రతిలో 100 అధ్యాయాలు. వానరుడు పుట్టి స్వర్గాన్ని అల్లకల్లోలం చేసే మొదటి 7 అధ్యాయాలు పరుగెత్తిస్తాయి, ఆ తర్వాత ఆపదలు ఒకే మూసలో వస్తాయి. వేలీ 1942లో 30 అధ్యాయాలకు కుదించిన ప్రతి గడికి బాగా సరిపోతుంది.

1616 ఇంకో అంకె. సెర్వాంటెస్, షేక్‌స్పియర్, చైనా నాటకకర్త తాంగ్ షియాన్జు ముగ్గురూ ఆ ఏడాదే పోయారు. మొదటి ఇద్దరి తేదీలు పక్కపక్కన కనిపిస్తాయి కానీ స్పెయిన్ కొత్త కాలెండరుకు మారిపోయింది, ఇంగ్లండ్ పాతదానిలోనే ఉంది, అసలు తేడా పది రోజుల పైమాటే. సెర్వాంటెస్ నవల డాన్ కిహోటే మొదటి భాగం (1605) 52 అధ్యాయాలు, రెండోది (1615) 74. మొదటిదాంట్లో 33 నుంచి 35 దాకా కథకు సంబంధం లేని ఇంకో కథ దూరుతుంది, అక్కడ విసుగు పుడితే పక్కన పెట్టి ముందుకు పోవచ్చు. ఒకటే చదివే వీలుంటే రెండో భాగమే చదవమంటాం. మధ్యలో 1614లో ఎవరో దొంగ రెండో భాగం అచ్చువేస్తే, సెర్వాంటెస్ తన నాయకుడి చెవిన ఆ పుస్తకం సంగతి పడేలా రాశాడు. ఆ 59వ అధ్యాయం చదివిన సంబరం ఇప్పటికీ తాజాగా ఉంది.

18కి వోల్టేర్ కాండీడ్ 30 చిన్న అధ్యాయాలు, రెండు రోజులు. మిగిలిన పది రోజులూ చైనా నవల ఎర్ర మేడ కలకు ఇవ్వాలి. 1791లో అచ్చయిన 120 అధ్యాయాల్లో మొదటి 80 త్సావ్ షుయెచిన్‌వి. అయిదో అధ్యాయంలోని కలలో స్త్రీ పాత్రల భవిష్యత్తు పద్యాలుగా వస్తుంది, అప్పుడు ఏమీ అర్థం కాదు. ఆ పేజీకి గుర్తు పెట్టుకుని ఒక్కొక్కరి కథ ముగిసినప్పుడల్లా వెనక్కి వచ్చి చూడాలి. ముద్దుపళని రాధికా సాంత్వనం కూడా ఈ గడిదే. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి ప్రతి అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఏ శతాబ్దపు పుస్తకమైనా తర్వాతి శతాబ్దాల్లో దానికేం జరిగిందో కూడా పేజీలో రాసుకోవాలని అలాంటివాటివల్లే తోచింది.

19వ శతాబ్దం ఛాలెంజ్‌ను మింగేస్తుంది. అందరికీ ఆశ ఎక్కువయ్యేది ఇక్కడే, ఒక్క గడిలో ఎనిమిది నవలలు పెట్టుకుని ఆగిపోతారు. యుద్ధము శాంతి 361 అధ్యాయాలు, ఉగో రాసిన బీదలపాట్లు 365. రెండూ రోజుకొక అధ్యాయం చొప్పున ఏడాది పొడవునా పక్కన నడిపించుకునేవి, గడిలో పెట్టేవి కావు. గడికి బ్రెజిల్ రచయిత మషాదో ద అసీస్ 1881 నాటి బ్రాస్ కూబస్ బాగుంటుంది. చనిపోయినవాడు తన కథ చెప్పుకుంటాడు, 160 అధ్యాయాలు, కొన్ని అరపేజీ కూడా ఉండవు. రష్యన్ నవల పట్టుకుంటే పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ముద్దుపేరు నాలుగూ ఒకే మనిషివని గుర్తుంచుకోవాలి, గెంజి కాగితమే ఇక్కడా పనికొస్తుంది.

20కి వచ్చేసరికి వేగం పెరుగుతుంది. చిన్న నవలలు బోలెడు: హువాన్ రుల్ఫో పేద్రో పారమో (1955), తాయెబ్ సాలిహ్ ఉత్తరానికి వలస (1966). 1958లో నైజీరియా నుంచి అచెబె తొలి నవల వచ్చింది, ఆ ఏడాదే కిర్గిజ్ రచయిత ఐత్‌మాతోవ్ జమీల్యా వచ్చింది. మాస్కో ప్రచురణాలయాలు తెలుగులో వేసిన పుస్తకాల పుణ్యమా అని జమీల్యాను మన భాషలోనే చదువుకోవచ్చు. పాతపుస్తకాల్లో ఆ ప్రతి కనిపిస్తే వదలకండి.

21వ శతాబ్దపు గడికి కాలం ఇంకా జల్లెడ పట్టలేదు కాబట్టి ఒక నియమం పెట్టుకున్నాం: అంతకుముందు 28 గడుల్లో రాని భాష నుంచి రావాలి. కొరియన్ నుంచి హాన్ కాంగ్ శాకాహారి (2007) అలా వచ్చింది. పట్టికలో అప్పటిదాకా అరబ్బీ పుస్తకం చేరనివాళ్లు ఒమన్ రచయిత్రి జోఖా అల్హార్తి నవల (2010) తీసుకున్నారు.

రెండో చుట్టు తిరగాలనుకునేవాళ్లు మొదటి పట్టిక ముందు పెట్టుకుని యూరప్ పుస్తకం పడిన ప్రతి గడిలో ఈసారి ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో ఒకదాన్ని, మగవాళ్లు రాసిన ప్రతి గడిలో దొరికినంతవరకు స్త్రీ రాసినదాన్ని పెట్టుకోండి. క్రీ.పూ. 1 నుంచి క్రీ.శ. 4 దాకా ఉన్న గడులకు ఎక్కువ వెతుకులాట ఉంటుంది, ఆ పుస్తకాలను రెండు నెలల ముందే తెచ్చి పెట్టుకోవాలి. పీఠికలు కథ మొత్తం చెప్పేస్తాయి, చివర చదవండి. నోటుపుస్తకం మాత్రం కొత్తది కొనకండి. పాతదాంట్లోనే ఎదురు పేజీ ఖాళీగా ఉంటుంది.